రాత్రి బీరువా

పుస్తకాల అరలు సర్దుతుంటే, అడుగున, పాత వక్తృత్వ పోటీల సర్టిఫికెట్ల కింద ఆ నవల దొరికింది. అట్ట మీద బావి, బావిలోంచి పైకి వస్తున్న ఒక చెయ్యి, ఆ చేతికి మోచేయి దాకా గాజులు. పేరు 'అమావాస్య బావిలో గాజుల చప్పుడు'. లోపలి పేజీ మీద ఊదారంగు రబ్బరు ముద్ర: 'సూర్యాస్తమయం లోపు వాపసు చేయవలెను'. ఏ రోజు సూర్యాస్తమయమో ముద్రలో లేదు. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసి, వేదికలెక్కి బల్లలు గుద్ది, జ్యోతిష్కులతో టీవీల్లో గొంతు పోయేలా పోట్లాడి బతికినదాన్ని నేను. ఆ ముద్ర చూడగానే మాత్రం తల తిప్పి కిటికీలోంచి బయటికి చూశాను, ఇంకా ఎంత పొద్దుందా అని.

తొంభైల మధ్యలో మేము డుంబ్రిగుడకు కాస్త ఎగువన ఒక కొండవాలు ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్న అక్కడి ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాస్టారు. పాస్టరుగారి కొడుకై పుట్టి, దేవుడితో తగువు పెట్టుకుని, ఆ తగువునే ఆస్తిగా తెచ్చుకున్న మనిషి. నాకు 'ప్రశ్న' అని పేరు పెట్టాలనుకున్నాడట. అమ్మ ఎస్తేరు అంది. చివరికి హాజరుపట్టీలో విమల పడింది. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముందు చర్చ ఉండేది. ఎవరికి ఏ నమ్మకం ఉందో దానికి ఎదురుపక్షం వాదించాలని నాన్న పెట్టిన నియమం. అందుకని దేవుడు ఉన్నాడని నాన్న, లేడని అమ్మ వాదించేవాళ్ళు. అమ్మ ప్రతివారం రెండు ముక్కల్లో తేల్చేసేది: "లేడు. లేచి చేతులు కడుక్కోండి." నాన్న నీళ్ళకోసం బోరింగు దాకా వెళ్ళిన ఆ పది నిమిషాల్లోనే ఆమె ప్రార్థన ముగించుకునేది. పెరట్లో ఎండేసిన పసుపు కొమ్ముల వాసన, పొయ్యి మీద సామలన్నం వాసన, వాటి మధ్య నాన్న గొంతు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల పదిహేనేళ్ళకే ఎదుటివాళ్ళ నోరు మూయించడం నేర్చుకుంటుంది. నేనూ నేర్చుకున్నాను. అందులో నాకు బహుమతులు కూడా వచ్చాయి.

ఊళ్ళో ఒక గ్రంథాలయం ఉండేది. పెంకుల షెడ్డు, ముందు అరుగు, లోపల ఐదు ఇనప బీరువాలు. విజయనగరం వైపు ఎక్కడో మూతపడ్డ క్లబ్బు పుస్తకాలు గోనెసంచుల్లో అక్కడికి చేరాయి. గ్రంథపాలకుడు జగన్నాథం గారు, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులు పెట్టుకుని తిరిగే మైదానం మనిషి. తనిఖీకి వచ్చిన అధికారి "పుస్తకాలు విషయాలవారీగా సర్దండి" అని చెప్పి జీపెక్కి వెళ్ళిపోయాడు. ఏ విషయాలో చెప్పలేదు. జగన్నాథం గారు వారం రోజులు ఆలోచించి, పుస్తకం పేరులో ఏ వస్తువు కనబడితే అదే విషయం అని నిర్ణయించుకున్నారు. అలా నీళ్ళు, కొండలు, ఆడవాళ్ళు, దేవుళ్ళు, రాత్రి అని ఐదు బీరువాలు తయారయ్యాయి. నీళ్ళ బీరువాలో బావి తవ్వే పద్ధతులూ, నదిలో దూకిన ప్రియురాలి కథా, బాప్తిస్మం మీద కరపత్రాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. గొడవంతా రాత్రి బీరువాతో వచ్చింది.

ఆ బీరువాలో గాజుల చప్పుడు నవలతో పాటు 'చీకటి మేడలో మూడో చెప్పు' అనే డిటెక్టివు నవల ఉండేది. పిల్లలకోసం రాసిన 'రాత్రి ఆకాశంలో మన ఇరుగుపొరుగు', మిషను వాళ్ళ రాత్రి ప్రార్థనల పుస్తకం, అడవిపందుల నుంచి రాత్రిపూట పంటను కాచుకోవడం ఎలాగో చెప్పే వ్యవసాయ పుస్తకం, ఎవరూ తాకని ఒక కవితల సంపుటి, అందరూ తాకి అట్ట ఊడగొట్టిన 'నూతన దంపతులకు తొలిరాత్రి సలహాలు'. ఇంకా రేచీకటి గురించి అట్ట మీద కన్ను బొమ్మ వేసిన ఒక సన్నటి సర్కారు పుస్తకం. నేను దాన్ని ఎన్నోసార్లు పక్కకు నెట్టాను, వెనకున్న పుస్తకాల కోసం.

ఒకసారి కాఫీతోట కాపలాదారు గాజుల చప్పుడు ఇంటికి తీసుకెళ్ళాడు. ఆ రాత్రే అతని సామచేను పందులు తొక్కేశాయి. తర్వాతి వారం మూడో చెప్పు తీసుకెళ్ళిన ఆయన ఇంటిమీద కొమ్మ విరిగి పడింది. ఊరు దిసారి దగ్గరికి వెళ్ళింది. దిసారి అంటే విత్తనానికీ పెళ్ళికీ మంచిచెడ్డలు చూసి చెప్పే పెద్ద. మేమంతా తాత అనేవాళ్ళం. ఎండు కర్రలాంటి మనిషి, నెత్తికి ఎర్ర తువ్వాలు, నవ్వితే ఒకే పన్ను. ఆయన బీరువా చుట్టూ ఒకసారి తిరిగి తీర్పు చెప్పాడు.

"పుస్తకంలో ఒక రాత్రి ఉంది. బయట ఇంకో రాత్రి ఉంది. రెండు రాత్రులూ ఒక్క ఇంట్లో సేరితే ఇల్లు ఓర్సుకోనేదు. పొద్దుగూకకముందు ఈ పుస్తకాలు బీరువాలోకి వచ్చీయాల. పుస్తకం తీసిన సోట బొగ్గుముక్క పెట్టండి, బీరువా బెంగెట్టుకోకుండా."

గాదెలోంచి విత్తనం బయటికి తీసినా ఆ ఊళ్ళో ఆ చోట బొగ్గుముక్క పెట్టేవాళ్ళు. దాన్నే పుస్తకాలకీ వర్తింపజేశాడు తాత. జగన్నాథం గారు అడ్డు చెప్తారనుకున్నాం. ఆయన విశాఖపట్నం వెళ్ళి రబ్బరు ముద్ర చేయించుకొచ్చారు. "నమ్మకం గిమ్మకం నాకు తెలీదమ్మా. నా సర్వీసులో మొదటిసారి పుస్తకాలు తిరిగొస్తున్నాయి" అన్నారు నాతో, మహానందంగా.

ఫలితం ఎలా ఉండేదో ఊహించుకోండి. కొత్త పెళ్ళికొడుకులు మిట్టమధ్యాహ్నం గ్రంథాలయం అరుగు మీద బాసింపట్టు వేసుకుని, తొలిరాత్రి సలహాలను వరస వెంట వేలు పెట్టి బట్టీపట్టేవాళ్ళు. పొద్దువాలే వేళకు పుస్తకం ఇచ్చేసి, పెదాలు కదుపుకుంటూ ఇంటికి నడిచేవాళ్ళు. పందుల పుస్తకం కూడా పందులు రాకముందే బీరువా చేరేది. నక్షత్రాల పుస్తకం ఎండలో పట్టుకుని, నీలంగా ఖాళీగా ఉన్న ఆకాశం వైపు చూపుడువేలు చాపి, అదిగో అక్కడ ఏడుగురు ఋషులుంటారు అని పిల్లలు ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు. వీటన్నిటినీ మించి దిసారి తాత రోజూ మధ్యాహ్నం పనసచెట్టు నీడలో కూర్చుని, ఆ పుస్తకాలు ఒక్కొక్కటే జగన్నాథం గారి చేత చదివించుకునేవాడు. తీర్పు చెప్పినవాడికి ఏ పుస్తకంలో ఎంత రాత్రి ఉందో తెలియాలట. ప్రార్థనల పుస్తకంలో పలచటి రాత్రి ఉందనీ, కవితల్లో రాత్రి చిక్కగా ఉంది కానీ కరవదనీ చెప్పేవాడు. నాన్నా నేనూ ఇంటికొచ్చి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం.

నాకు ఆ ఊళ్ళో ఒకే స్నేహితురాలు, చంద్రి. ఆ ఊరి పిల్లే. కాఫీపళ్ళు నాకంటే మూడింతలు వేగంగా కోసేది, లెక్కలు ఆరింతలు వేగంగా చేసేది. పదోతరగతి గట్టెక్కి నర్సు ట్రైనింగుకు వెళ్తానని చెప్పుకు తిరిగేది. అప్పటికి వాళ్ళింట్లో పదికి వచ్చిన మొదటి మనిషి ఆమె. ఒకటే లోపం కనిపించేది నాకు. పొద్దు కొండవెనక్కి దిగితే గడప దాటేది కాదు. ఒకరోజు బడి నుంచి వస్తూ నాతో అంది.

"ఒలే, సీకటి పడితే నాకు ఏటీ అవుపించదే."

"ఎవరికీ కనబడదు. దాన్నే చీకటంటారు" అన్నాను.

ఆ జవాబు నాకు చాలా నచ్చింది. ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్న నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఆ చలికాలంలో ఒక సంతరోజున ఊరంతా గ్రంథాలయం ముందు ఉండగా నేను అరుగెక్కి సవాలు చేశాను. గాజుల చప్పుడు నవలను ఒక రాత్రంతా మా ఇంట్లో ఉంచుతాను, ఏమీ జరగకపోతే నియమం ఎత్తేయాలి అని. తాత ఒంటిపన్నుతో నవ్వి సరేనన్నాడు. కానీ నాన్న ఊరుకోలేదు. 'ఏదైనా జరగడం' అంటే ఏమిటో ముందుగా నిర్వచించాలని కాగితం తీశాడు.

"కోడి సచ్చిపోతే?" అన్నాడు చంద్రి వాళ్ళయ్య.

"ఏ కోడి? దాని వయసెంత? ముందునుంచీ జబ్బుతో ఉందా?"

"కోడికి వయసెవుడు రాసుకుంటాడండి మేస్టారూ?"

"అందుకే కోళ్ళను పక్కన పెట్టాలి."

"ఆవు పాలివ్వకపోతే?"

"రోజూ ఎంతిస్తుందో పది రోజుల సగటు కావాలి."

"మా ఆవు నన్ను చూసి ఇత్తాది, మా ఆడదాన్ని చూసి ఇవ్వదు. దానికేటి రాత్తారు?"

రాజీ కుదరలేదు. కోళ్ళు, ఆవులు, పెంకులు, కడుపునొప్పులు అన్నీ అయి, వాన దగ్గరికి వచ్చేసరికి నిజంగానే పొద్దుగూకింది. జగన్నాథం గారు బీరువాకు తాళం వేసుకున్నారు. సంత నుంచి వెళ్ళాల్సిన వాళ్ళు ఉప్పు కొనుక్కోవడం మరిచిపోయారని మర్నాడు నాన్నను తిట్టుకున్నారు.

నాకు పట్టుదల పెరిగింది. మరో రెండు రోజులకి, జగన్నాథం గారు టీకి వెళ్ళిన సమయం చూసి నవలను సంచిలో దాచాను. దాని చోట బొగ్గుముక్క కూడా నేనే పెట్టాను, అనుమానం రాకుండా. ప్రయోగానికి సాక్షి కావాలి కాబట్టి బడి అయ్యాక చంద్రిని మాటల్లో పెట్టి ఆలస్యం చేసి, సంచిలోని పుస్తకం చూపించి మా ఇంటికి రమ్మన్నాను.

"నాను రానే. సీకటి పడిపోతంది. నీ కాళ్ళు పట్టుకుంటాను, బేగి పోనీ."

"ఎల్లుండి నర్సువై శవాల మధ్య డ్యూటీ చేస్తావు. ఇప్పుడు నాలుగడుగులకు భయమా?"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. కొంతదూరం వెళ్ళాక నాకు శాస్త్రీయత గుర్తొచ్చింది. ఒకరి ధైర్యం ఇంకొకరికి అంటితే ప్రయోగం చెల్లదు కదా. ఎవరి మానాన వాళ్ళు నడవాలని చెప్పి చెయ్యి విడిపించుకున్నాను. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాల్సి వచ్చింది. ఇరవై అడుగులు ముందుకెళ్ళి, భయం అనేది ఎలా పుడుతుందో చెబుతూ ఉన్నాను. వెనక మెత్తగా ఒక చప్పుడయింది. కాఫీపళ్ళు పిండాక మిగిలిన తొక్కను కుళ్ళబెట్టే గొయ్యి దారి పక్కనే ఉంది. చంద్రి అందులో నడుము దాకా దిగిపోయింది. పులిసిన బెల్లంలాంటి కంపు. నాకు ఆ మసకలో గొయ్యి అంచు, ఆమె జడ రిబ్బను, అన్నీ కనబడుతూనే ఉన్నాయి. ఆమె మాత్రం నేను లేనివైపు చెయ్యి చాపి తడుముతోంది.

"ఒలే, పుస్తకం తడిసిపోనాదేటి? నాకు సెయ్యి ఇరిగిపోనాదే" అంది.

పుస్తకం నేనే తీశానని ఆ రాత్రే అందరికీ తెలిసిపోయింది. ఊరికి ఇంతకంటే రుజువేం కావాలి? పుస్తకం బయటికొచ్చింది, పిల్ల చెయ్యి విరిగింది. మర్నాడు పొద్దున ఊరంతా గ్రంథాలయం ముందు చేరింది. చంద్రి ఎడమచేతికి వెదురుబద్దలు కట్టుకుని అరుగు మీద కూర్చుంది. వాళ్ళయ్య లేచి, "సదువు సాలు. రేపట్నుంచి ఇంటికాడే ఉంటాది" అన్నాడు. పరీక్షలకు రెండున్నర నెలలుంది. నాన్న కాకతాళీయం గురించి, కార్యకారణ సంబంధం గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఎంత బాగా మాట్లాడాడంటే ఇప్పటికీ అందులో ఒక్క తప్పు పట్టలేను. చంద్రి మాత్రం ఎవరి మాటా వినకుండా, కళ్ళు తుడుచుకోవడానికి మంచి చెయ్యి సరిపోక మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. దిసారి తాత నాన్నను చివరిదాకా చెప్పనిచ్చాడు. తర్వాత చంద్రి ముందు గొంతుక్కూచున్నాడు.

"అమ్మీ, పొద్దుగూకినాక నా మొకం నీకు అవుపిస్తాదా?"

"నేదు తాత."

"పొయ్యి కాడ మీ యమ్మ?"

"మంట అవుపిస్తాది. అమ్మ అవుపించదు."

"ఎప్పుట్నించి?"

"వానల కాడ్నించి."

"ఎవులికైనా సెప్పినావా?"

చంద్రి తల ఎత్తకుండానే మంచిచేత్తో నన్ను చూపించింది. "దీనికి సెప్పినాను. భయం అంది."

తాత నావైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. జగన్నాథం గారితో, "రెండో అరలో కన్ను బొమ్మ పుస్తకం ఉంది గదా, అది తియ్యి" అన్నాడు. అది రాత్రి పుస్తకమే కాబట్టి ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ తెరవకూడదన్నాడు. నాన్న పళ్ళు కొరుక్కున్నాడు. ఊరంతా పనసచెట్టు నీడ పొట్టిదయ్యే వరకు మూడు గంటలు కూర్చుంది. అప్పుడు తాత నన్ను పిలిచి, "మేస్టారి గుంటా, నువ్వు సదువు. గట్టిగా సదువు" అన్నాడు.

చదివాను. వక్తృత్వంలో నాకు జిల్లా బహుమతి ఉంది. ఆ రోజు రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. తిండిలో ఒక విటమిను తగ్గితే మసక వెలుతురులో చూపు పోతుందనీ, పట్టించుకోకపోతే పగటి చూపూ పోవచ్చనీ, ఈ రోగిని చుట్టుపక్కలవాళ్ళు తరచు పిరికివాళ్ళుగా పొరబడతారనీ అందులో ఉంది. ఆసుపత్రిలో మందు వేయించాలి, మునగాకు, బొప్పాయి, గుమ్మడి, మేక కార్జం, కోడి కార్జం పెట్టాలి. తాతకు అదంతా ముందే తెలుసు. నేను ఆగిన చోటల్లా ఆయనే అందించాడు, అక్షరం రాని మనిషి.

"గుంటని ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఇంకా, ఒక కోడిని కొయ్యాల" అన్నాడు చివర్లో.

"కోడెందుకు?" నాన్న లేచి నిలబడ్డాడు. "మళ్ళీ బలి దగ్గరికే వచ్చారా?"

"కోడి పుస్తకానికి మేస్టారూ. అడక్కుండా బయటికి తీసుకుపోనారు గదా, దానికి కోపమొచ్చింది."

"మరి కార్జం?"

"పుస్తకం కార్జం తినదు. గుంటకెట్టండి."

నాన్న మళ్ళీ కూర్చున్నాడు. ఆయన జీవితంలో వాదన మధ్యలో కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అది మూఢాచారమో పోషకాహారమో తేల్చుకోలేక వారం రోజులు ఇంట్లో పచార్లు చేశాడు. ఆదివారం చర్చకు అదే అంశం పెట్టాడు. అమ్మ, "ఆ పిల్లకు కళ్ళొచ్చాయా? చేతులు కడుక్కోండి" అంది.

కళ్ళొచ్చాయి. ఆసుపత్రిలో మందు వేశారు, ఊళ్ళో కోళ్ళు కొన్ని ఏదో ఒక పుస్తకం పేరు మీద పోయాయి. నెల తిరక్కుండా ఒక సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, వీధి అవతలి నుంచి చంద్రి కేకేసింది: "ఒలే, నీ రిబ్బను ఊడిపోనాది, సూసుకో!" నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఆమె పరీక్షలు రాసింది. నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. ఆ వేసవిలోనే నాన్నకు బదిలీ అయింది. గాజుల చప్పుడు నవల నా సంచిలోనే ఉండిపోయింది. అది గొయ్యిలో పోయిందని జగన్నాథం గారితో చెప్పాను. ఆయన రిజిస్టరులో ఎర్రసిరాతో 'గొయ్యిలో పడినది' అని రాసుకున్నారు. ప్రపంచంలోని అబద్ధాలన్నిటినీ చీల్చి చెండాడుతానని బయల్దేరిన మనిషి మొదటి పెద్ద అబద్ధం అది. ఆ నవల నేను ఎప్పుడూ చదవలేదు. అట్ట చూశాను, తగువుకి అది చాలనిపించింది.

మొన్న దొరికినప్పుడు, అన్నేళ్ళ తర్వాత, ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. బావిలో దయ్యం లేదు. భూమి కాజేయడానికి ఎస్టేటు గుమస్తా తన పెళ్ళాం గాజులేసుకుని బావిలో కూర్చుంటాడు. చివరి అధ్యాయమంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసం. నేను రాయాల్సిన పుస్తకాన్నే నేను దయ్యాల పుస్తకమని ఊరంతా ఊరేగించాను.

తిరిగిచ్చేద్దామని బయల్దేరాను. దారి పొడవునా బొంగు చికెన్ బోర్డులు, రిసార్టుల గేట్లు, పగలే వెలుగుతున్న రంగు దీపాలు. విశాఖలో నేనుండే అపార్ట్‌మెంటులో గ్రహణం రోజున ఇంజినీర్లు, డాక్టర్లు పొయ్యి వెలిగించరు. కారణం అడిగితే ఫోన్లో వచ్చిన మెసేజి చూపిస్తారు. దాన్ని కూడా మొదటి రెండు లైన్లే చదివి ఉంటారు. దిసారి తాత నియమం తప్పు, ఆ మాట ఇప్పటికీ ఏ వేదిక మీదైనా చెబుతాను. కానీ ఆయన ప్రతి పుస్తకం చివరిదాకా చదివించుకున్నాడు. నా వాదం ఒప్పు. నేను చదవలేదు.

"ఏటి మేడం, అంత తొందరేటి? పొద్దింకా ఉంది గదండి" అన్నాడు కారు డ్రైవరు, నేను నాలుగోసారి వేగం పెంచమన్నాక. పొద్దు ఉండగానే చేరాలన్నదే నా తొందర.

చంద్రి ఇప్పుడు ఆ ఊరి ఆరోగ్య సబ్‌సెంటర్లో నర్సు. గ్రంథాలయం తాళంచెవి కూడా ఆమె బొడ్లోనే ఉంటుంది. జగన్నాథం గారు, తాత ఇద్దరూ లేరు. బీరువాలు తుప్పుపట్టాయి. రాత్రి బీరువా తలుపు లాగితే, మొదటి అరలో రెండు పుస్తకాల మధ్య, నేను పెట్టిన బొగ్గుముక్క అలాగే ఉంది. చంద్రి దాన్ని తీసి, నా చేతిలోంచి నవల తీసుకుని ఆ సందులో దూర్చింది.

"గొయ్యిలో పడ్డాదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"తెలుసులే. గొయ్యిలో పడింది నాను గదా, నాకు తెలవదా?"

"అందులో దయ్యం లేదే చంద్రీ. గుమస్తా ఉన్నాడు."

"తాత ఎప్పుడో సెప్పినాడు. మరి రాత్రి పుస్తకం ఎలగయ్యిందని నానూ అడిగినాను. గుమస్తా అయినా తిరిగేది రాత్రే గదా అన్నాడు."

ఇద్దరం నవ్వుకున్నాం. కన్ను బొమ్మ పుస్తకం ఉందా అని అడిగాను. అట్ట లేదు, మిగతాది ఉంది. చంద్రి దాన్ని నాకిచ్చి, ఆ చోట అదే బొగ్గుముక్క పెట్టింది. అరుగు మీద కూర్చుని మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆగిపోయిన వాక్యం దాటాను, మునగాకు దాటాను. పనసచెట్టు నీడ షెడ్డు గోడెక్కింది. అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. పుస్తకం దూరం పెట్టి చూశాను, దగ్గర పెట్టి చూశాను.

"ఏటే, అవుపించట్లేదా?" అంది పక్కన కూర్చుంటూ.

"చీకటి పడుతోంది కదా. ఎవరికి కనబడుతుంది?"

చంద్రి పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది. నేను ఆపిన చోటు వేలితో వెతికి పట్టుకుంది.

"నాకవుపిస్తంది" అని, గట్టిగా చదవడం మొదలుపెట్టింది.